ఎర్రచీర మడతలు ఎక్కడికి పోయాయి? ఫ్రేమ్ రేటు, కలర్ ఫార్మాట్ల చిక్కుముడి

ముహూర్తాలు మొదలయ్యాక తిరుపతిలో పెళ్లి వీడియోలు ఎడిట్ చేసే ఏ మిక్సింగ్ రూముకు వెళ్లినా ఇదే పరిస్థితి. పెళ్లివాళ్లు తెచ్చిచ్చిన హార్డ్ డిస్క్‌లో నాలుగు ఫోల్డర్లు ఉంటాయి. ఒకటి పెద్ద కెమెరాది, ఒకటి డ్రోన్‌ది, మూడోది అమెరికా నుంచి వచ్చిన బావమరిది ఫోన్‌ది, నాలుగోది చిత్తూరులో ఉన్న పిన్నమ్మ కూతురు వాట్సాప్‌లో పంపింది. విడివిడిగా చూస్తే అన్నీ బాగానే ఉంటాయి. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో క్లిప్‌లను వరుసగా పేర్చే టైమ్‌లైన్ మీద పక్కపక్కన పెట్టగానే గొడవ మొదలవుతుంది. ఒకదాంట్లో పెళ్లికూతురి చీర కుంకుమ రంగులో ఉంటే, ఇంకోదాంట్లో అదే చీర వెలిసిన ఇటుక రంగులో కనిపిస్తుంది. డ్రోన్ షాట్ తడబడుతూ కదులుతుంది. ఫోన్ క్లిప్ చివరికి వచ్చేసరికి మాటకూ పెదవికీ పొంతన ఉండదు.

ఒకసారి నలభై నిమిషాల ఫోన్ క్లిప్ మీద కూర్చున్నాం. నా పక్కన పనిచేసే అబ్బాయి హెడ్‌ఫోన్ తీసేసి, "అన్నా, అయ్యవారి మూతి ముందే కదిలిపోతా ఉండాది, మంత్రం వెనకాల వస్తా ఉండాది" అన్నాడు. మొదట్లో సరిగ్గానే ఉంది. మాంగల్యధారణ దగ్గరికి వచ్చేసరికి ఆరు సెకన్ల తేడా. సౌండ్ ట్రాక్ పాడైందని వాడు, సాఫ్ట్‌వేర్ తప్పని నేను అనుకున్నాం. రెండూ కాదు.

వీడియో ఫైలు అంటే బొమ్మల మూట మాత్రమే కాదు. ఏ బొమ్మను ఎంతసేపు చూపాలి, ఏ అంకెను ఏ రంగుగా చదవాలి అనే రెండు లెక్కలు కూడా అందులో ఉంటాయి. ఫైలు ఒక లెక్కలో రాసి ఉండి, ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ దాన్ని ఇంకో లెక్కలో చదివినప్పుడే పైన చెప్పిన గొడవల్లో చాలావరకు పుడతాయి. మిగిలినవి షూటింగ్ రోజే పారేసుకున్నవి, ఏ మార్పిడితోనూ తిరిగి రానివి. ఏది ఏ రకమో తెలుసుకోవడమే ఈ విషయంలో సగం పని.

24, 25, 30: ఈ అంకెలు ఎక్కడివి?

సెకనుకు ఎన్ని బొమ్మలు అన్నదే ఫ్రేమ్ రేటు. దాన్నే ఎఫ్‌పీఎస్ అంటాం. సెకనుకు 25 బొమ్మలంటే ఒక్కో బొమ్మ తెర మీద 40 మిల్లీసెకన్లు నిలుస్తుంది.

సినిమాకు 24 స్థిరపడింది 1920ల చివర్లో, మాటలు వచ్చాక. మూకీ రోజుల్లో ఫిల్మ్ తిరిగే వేగం ఒక్కోచోట ఒక్కోలా ఉండేది. శబ్దం ఫిల్మ్ అంచునే నమోదవడం మొదలయ్యాక వేగం మారితే గొంతు కూడా మారిపోతుంది కాబట్టి, ఒకే వేగానికి కట్టుబడాల్సి వచ్చింది. 25 అనేది టీవీ అంకె. మన దేశంలోనూ యూరప్‌లోనూ కరెంటు 50 హెర్ట్జ్. అందులో సగంగా టీవీ బొమ్మల వేగాన్ని పెట్టుకున్నారు. అమెరికాలో కరెంటు 60 హెర్ట్జ్ కాబట్టి అక్కడ 30 వచ్చింది.

కొత్తవాళ్లకు ఎక్కువగా తలనొప్పి తెచ్చేది 29.97. అమెరికాలో 1953లో కలర్ టీవీ ప్రమాణం వచ్చినప్పుడు, రంగు సంకేతం శబ్ద సంకేతానికి అడ్డుపడకుండా వేగాన్ని వెయ్యిన్నొకటిలో ఒక వంతు తగ్గించారు. 30 కాస్తా 29.97 అయింది. అదే లెక్కలో 24 కూడా 23.976 అయింది. ఆ పాత టీవీలు పోయాయి, అంకె మాత్రం నేటి డ్రోన్లలోనూ కెమెరాల్లోనూ మిగిలిపోయింది. మెనూలో 30 అని కనిపించినా లోపల 29.97 ఉండటం మామూలే. ఇది చిన్న తేడాలా అనిపిస్తుంది. గంటపాటు 30లో తీస్తే 1,08,000 బొమ్మలు వస్తాయి. వాటిని 29.97గా ఆడిస్తే 3,603.6 సెకన్లు పడుతుంది. గంటకు మూడున్నర సెకన్లు దాటిన తేడా ఇది. పాటకు చేతులు కలపాల్సిన సంగీత్ వీడియోలో ఇంత తేడా ఎవరికైనా తెలిసిపోతుంది.

మండపం లైట్లకూ షట్టర్‌కూ ఉన్న లంకె

కల్యాణ మండపంలో తీసిన వీడియోలో నల్లటి చారలు పైనుంచి కిందికి పాకుతూ కనిపించడం చాలామంది చూసే ఉంటారు. దీన్ని ఫ్రేమ్ రేటు తప్పు అంటారు గానీ, నిజానికి అది షట్టర్ స్పీడ్, అంటే ఒక్కో బొమ్మకు కెమెరా ఎంతసేపు వెలుగు తీసుకుంటుందన్న వ్యవహారం. 50 హెర్ట్జ్ కరెంటు మీద వెలిగే ట్యూబ్‌లైటు సెకనుకు 100 సార్లు మెరుస్తుంది. మన కంటికి తెలియదు, కెమెరాకు తెలుస్తుంది. షట్టర్ సెకనులో 50వ వంతు తెరిస్తే ప్రతి బొమ్మలోకీ సరిగ్గా రెండు మెరుపులు పడతాయి. 100వ వంతు అయితే ఒకటి. 60వ వంతు పెడితే ఒకటిన్నర పైచిలుకు. అంటే ఒక్కో బొమ్మకు ఒక్కోలా వెలుగు అందుతుంది, చారలు మొదలవుతాయి.

అమెరికా నుంచి వచ్చిన బావమరిది ఫోన్‌లో చారలు వస్తే, అక్కడి 60 హెర్ట్జ్ లైట్ల లెక్కలో షట్టర్ 60వ వంతు పడటమే కారణం కావచ్చు. ఫ్రేమ్ రేటు 30 అయినంత మాత్రాన చారలు రావాలనేమీ లేదు. 30లో తీసినా షట్టర్ 50వ వంతో 100వ వంతో ఉంటే బొమ్మ శుభ్రంగానే వస్తుంది. 60లో తీసేటప్పుడు 50వ వంతు కుదరదు, బొమ్మకు దక్కే సమయమే 60వ వంతు కదా. అప్పుడు 100వ వంతే దారి. స్టేజీ వెనక పెట్టే ఎల్ఈడీ వాల్, సీరియల్ బల్బుల సెట్ల సంగతి వేరు. వాటిలో చాలావాటికి కరెంటు వేగంతో పనిలేదు, సొంత వేగంతో ఆరి వెలుగుతుంటాయి. కాబట్టి 50వ వంతు పెట్టినా కొన్నిసార్లు చారలు పోవు.

తలంబ్రాల దగ్గర బయటపడే లోపం

టైమ్‌లైన్ 25లో ఉంది, డ్రోన్ క్లిప్ 30లో ఉంది అనుకుందాం. సెకనుకు 30 బొమ్మల్లో 5 బయటికి పోవాలి. సాఫ్ట్‌వేర్ ప్రతి ఆరో బొమ్మను పారేస్తుంది. కూర్చుని మాట్లాడే మనిషి దగ్గర ఎవరికీ తెలియదు. అలిపిరి వైపు నిదానంగా తిరిగే డ్రోన్ షాట్‌లో మాత్రం సెకనుకు ఐదుసార్లు చిన్న కుదుపు కనిపిస్తుంది. 24 క్లిప్‌ను 30లో పెడితే ఇందుకు తిరగేసి జరుగుతుంది. ప్రతి నాలుగు బొమ్మలకూ ఒకటి రెండోసారి కనిపిస్తుంది.

60 నుంచి 25కు రావడం ఇంకా ఇబ్బంది. 60ని 25తో భాగిస్తే 2.4. అర బొమ్మను ఎంచుకోలేం కాబట్టి ఒకసారి రెండు, ఒకసారి మూడు బొమ్మలు దాటుతూ పోవాలి. నడక లయ తప్పుతుంది. 50 నుంచి 25కు వస్తే ఈ బాధ లేదు. ఒకటి విడిచి ఒకటి, అంతే.

బొమ్మల్ని పారేయకుండా మధ్యలో కొత్త బొమ్మల్ని ఊహించి కల్పించే పద్ధతి కూడా ఉంది. ఆప్టికల్ ఫ్లో అంటారు. వస్తువు ఈ బొమ్మలో ఇక్కడుంది, తర్వాతి బొమ్మలో అక్కడుంది కాబట్టి మధ్యలో ఫలానా చోట ఉండాలని లెక్కగడుతుంది. పల్లకీ, కారు, నడిచే మనిషి లాంటి వాటికి చాలాసార్లు బాగా పనిచేస్తుంది. తలంబ్రాల దగ్గరికి వస్తే చేతులెత్తేస్తుంది. వందల పసుపు బియ్యపు గింజలు ఒకదాన్నొకటి దాటుకుంటూ పడుతుంటే ఏ గింజ ఎటు వెళ్లిందో దానికి అంతుపట్టదు. గింజలు సాగిపోయి వధువు ముఖం మీద పసుపు గీతల్లా కనిపిస్తాయి. ఆ క్షణం ఇంకోసారి రాదు కాబట్టి ఈ విషయంలో నాకు పట్టింపు ఎక్కువ.

అదే 60 క్లిప్ స్లో మోషన్‌కు బంగారం లాంటిది. 25 టైమ్‌లైన్‌లో ఒక్క బొమ్మా పారేయకుండా, ఒక్కటీ కల్పించకుండా ఆడిస్తే ఒక సెకను 2.4 సెకన్లుగా సాగుతుంది. వేగం 41.67 శాతం. మామూలు వేగంలో లయ తప్పిన ఫైలే నిదానంగా ఆడినప్పుడు వెన్నలా కదులుతుంది. లోపం ఫైలులో లేదని, దాన్ని వాడిన తీరులో ఉందని ఇక్కడ కళ్లారా చూడొచ్చు.

ఫోన్ గడియారం ఒకేలా నడవదు

ఇప్పుడు ఆ నలభై నిమిషాల మంత్రాల క్లిప్ దగ్గరికి. పెద్ద కెమెరా 25 అంటే గంటసేపు 25 మీదే ఉంటుంది. ఫోన్ అలా కాదు. వెలుగు తగ్గితే ఒక్కో బొమ్మకు ఎక్కువ సమయం తీసుకుంటుంది, వేడెక్కితే నెమ్మదిస్తుంది. అంటే బొమ్మకూ బొమ్మకూ మధ్య దూరం మారుతూ ఉంటుంది. దీన్నే వేరియబుల్ ఫ్రేమ్ రేటు అంటారు. ఫోన్ తన వరకు తప్పేమీ చేయదు. ప్రతి బొమ్మ మీదా అది ఏ క్షణానిదో రాసిపెడుతుంది. ఆ రాతను చూసి ఆడించే ప్లేయర్‌లో అంతా సరిగ్గానే కనిపిస్తుంది. అందుకే పెళ్లివాళ్లు "మా ఫోన్‌లో బాగానే ఉంది కదన్నా" అంటారు. వాళ్లన్నది నిజం.

ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఆ రాతను పట్టించుకోకుండా, అన్ని బొమ్మలూ సమాన దూరంలో ఉన్నాయని అనుకుంటే చిక్కు. మన క్లిప్‌లో సగటు 29.92 అనుకుందాం. నలభై నిమిషాలంటే 2,400 సెకన్లు. మొత్తం 71,808 బొమ్మలు. వీటిని కచ్చితమైన 30గా లెక్కేస్తే 2,393.6 సెకన్లకే అయిపోతాయి. శబ్దం మాత్రం నిజమైన కాలంతో నడుస్తుంది కాబట్టి 2,400 సెకన్లూ ఉంటుంది. చివరికి బొమ్మ 6.4 సెకన్లు ముందుంటుంది. మూతి ముందు, మంత్రం వెనక. మా అబ్బాయి చూసింది అదే.

ఇప్పటి పెద్ద సాఫ్ట్‌వేర్లు ఇలాంటి ఫైళ్లను గుర్తించి కొంతవరకు సర్దుకుంటున్నాయి. అయినా పొడవైన క్లిప్‌లలో, అందులోనూ విడిగా రికార్డు చేసిన శబ్దంతో కలిపేటప్పుడు, ముందుగానే స్థిరమైన రేటులోకి మార్చుకునేవాళ్లే ఎక్కువ. మీడియాఇన్ఫో అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఫైలు తెరిస్తే ఫ్రేమ్ రేట్ మోడ్ దగ్గర కాన్‌స్టంట్ అనో వేరియబుల్ అనో కనిపిస్తుంది. ఆ ఒక్క మాట ముందే చూసి ఉంటే ఆ రాత్రి మాకు నాలుగు గంటల టెన్షన్ తప్పేది.

మరి టైమ్‌లైన్ ఏ రేటులో?

దీని మీద మా వాళ్లలో ఏకాభిప్రాయం లేదు. ఎవరి వాదనలో బలం వాళ్లకుంది. 24 అనేవాళ్లు సినిమా కళ కోసం అంటారు. టీజర్‌కు, క్యాండిడ్ ఫిల్మ్‌కు అది నప్పుతుంది, 50వ వంతు షట్టర్‌తో లైట్లకూ ఇబ్బంది ఉండదు. 25 అనేవాళ్లు మన కరెంటును, మన టీవీ వ్యవస్థను చూపిస్తారు. ఫ్రేమ్ రేటుకు రెట్టింపు షట్టర్ అనే పాత సూత్రం 25కు సరిగ్గా 50వ వంతు అవుతుంది. రెండు లెక్కలూ ఒకేచోట కలవడం అరుదైన సౌకర్యం. 30 అనేవాళ్లది ఇవాళ్టి వాదన. వీడియో చూసేది ఫోన్లలో, చాలా ఫోన్ల తెర సెకనుకు 60 సార్లు మారుతుంది. 30 బొమ్మలైతే ఒక్కోటి రెండుసార్లు సమంగా పడుతుంది, 25 అయితే రెండు, మూడు, రెండు అంటూ ఎగుడుదిగుడుగా పడుతుంది. యూట్యూబ్ మాత్రం ఏ రేటులో తీస్తే ఆ రేటులోనే ఎక్కించమంటుంది.

నాకు నచ్చేది వేరే లెక్క. ముఖ్యమైన ఘట్టాలు ఏ కెమెరాలో ఎక్కువగా ఉన్నాయో ఆ కెమెరా రేటే టైమ్‌లైన్ రేటైతే, మార్పిడి దెబ్బ తక్కువ ఫుటేజ్‌కు తగులుతుంది. డావిన్చి రిజాల్వ్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఒకసారి ఫుటేజ్ లోపలికి తీసుకున్నాక ప్రాజెక్టు ఫ్రేమ్ రేటు మార్చనివ్వదు కాబట్టి, అక్కడ ఈ చర్చ మొదటి నిమిషంలోనే తేలాలి.

4:2:0 అంటే ఏమిటి, ఎరుపుకే ఎందుకు దెబ్బ?

ఇక రంగుల లెక్క. కెమెరా ఎరుపు, ఆకుపచ్చ, నీలం అనే మూడు వెలుగుల్ని పట్టుకుంటుంది. ఫైలులో దాచేటప్పుడు వాటిని అలాగే ఉంచదు. వెలుగు ఎంత అన్నది ఒక అరలో, రంగు ఎటు మొగ్గింది అన్నది మరో రెండు అరల్లో పెడుతుంది. మన కన్ను వెలుగు తేడాల్ని సూక్ష్మంగా పట్టేస్తుంది, రంగు తేడాల్లో అంత చురుకు కాదు. కాబట్టి రంగు అరల్ని కుదించినా ఎవరికీ తెలియదన్నది లెక్క.

నాలుగు చుక్కలు పక్కపక్కన, రెండు వరుసలు. మొత్తం ఎనిమిది చుక్కల చిన్న గడి ఊహించుకోండి. 4:4:4లో ఎనిమిదింటికీ వెలుగు విలువలు 8, రంగు విలువలు 16, మొత్తం 24. 4:2:2లో పక్కపక్క చుక్కలు రెండేసి ఒకే రంగును పంచుకుంటాయి. వెలుగు 8, రంగు 8, మొత్తం 16. 4:2:0లో పై వరుస పట్టుకున్న రంగునే కింది వరుస కూడా వాడుకుంటుంది. వెలుగు 8, రంగు 4, మొత్తం 12. చివరి సున్నాకు అర్థం ఒక రంగు అసలే లేదని కాదు, రెండో వరుసకు సొంత రంగు విలువలు లేవని. నాలుగు చుక్కల చదరానికి ఒకే రంగన్నమాట.

12 అంటే 24లో సగం. సగం బరువు తగ్గినా చూడటానికి తేడా తెలియకపోవడం నిజంగా గొప్ప ఉపాయం. ఫోన్లు, డ్రోన్లు, చాలా కెమెరాలు, యూట్యూబ్ అన్నీ దీని మీదే నడుస్తున్నాయి. ఎరుపు దగ్గర మాత్రం ఈ ఉపాయం వికటిస్తుంది.

హెచ్‌డీ వీడియోలో వెలుగును లెక్కగట్టేటప్పుడు ఆకుపచ్చకు 71.52 శాతం, ఎరుపుకు 21.26 శాతం, నీలానికి 7.22 శాతం బరువిస్తారు. పెళ్లికూతురి ఎర్రచీరలో ఒక మడత వెలుగులో ఉంది, దాని ఎరుపు విలువ 0 నుంచి 255 లెక్కలో 220. పక్క మడత నీడలో ఉంది, విలువ 160. మిగతా రెండు రంగులూ రెండు చోట్లా దాదాపు సమానం. మడతల మధ్య తేడా 60. వెలుగు అరలోకి చేరేది అందులో 21.26 శాతమే, అంటే దాదాపు 13. అదే తేడా పచ్చటి చీర మీద ఉంటే 43 చేరేది. అంటే ఎర్రచీర మడతల రూపం చాలావరకు రంగు అరల్లోనే ఉంది. ఆ అరల్నే మనం పావు వంతుకు కుదించాం. మడతలు చదరాలు చదరాలుగా కలిసిపోతాయి, జరీ అంచు పక్కన ఎరుపు మెట్లుమెట్లుగా చెదురుతుంది.

తిరుపతి గంగజాతర తీసినవాళ్లకు ఇది ఇంకా బాగా తెలుసు. బండ వేషం వేసినవాళ్లు ఒంటినిండా కుంకుమ పూసుకుని వస్తారు. ఫోన్ వీడియోలో ఆ ఒళ్లు అచ్చంగా ఒకే ఎర్రటి ముద్దలా కనిపించడానికి, కండరాల గీతలు మాయమవడానికి ఒక కారణం ఈ కుదింపే. ఎరుపు విలువ పై కొసకు వెళ్లి నిండిపోవడం ఇంకో కారణం. 4:2:2లో తీస్తే నిలువునా రంగు వివరం పూర్తిగా మిగులుతుంది కాబట్టి కొంత మేలు. 4:2:0లో తీసి తర్వాత 4:2:2లోకి మార్చుకుంటే మాత్రం మడతలు తిరిగి రావు. గ్లాసెడు నీళ్లు బిందెలో పోసినంత మాత్రాన బిందెడు కావు.

కుదింపు లేకుండా దాచుకోవచ్చు కదా అని అడుగుతారు. 1920 బై 1080 బొమ్మలో 20,73,600 చుక్కలు. ఒక్కో విలువకు ఒక బైటు పట్టే 8-బిట్ 4:2:0లోనే ఒక్కో బొమ్మ 31,10,400 బైట్లు. సెకనుకు 25 బొమ్మలంటే దాదాపు 78 ఎంబీ, గంటకు 280 జీబీ. మామూలు పెళ్లి కెమెరా 50 ఎంబీపీఎస్ (సెకనుకు 50 మెగాబిట్లు, అంటే దాదాపు 6 ఎంబీ) దగ్గర రికార్డు చేస్తుందంటే, దీన్ని మళ్లీ పన్నెండో వంతుకు నొక్కిపెడుతోందన్నమాట.

8-బిట్, 10-బిట్: శేషాచలం మీద సాయంత్రం

నలుపు నుంచి తెలుపుకు ఎన్ని మెట్లు అన్నది బిట్ లెక్క. 8-బిట్‌లో ఒక్కో అరకు 256 మెట్లు, 10-బిట్‌లో 1,024. శేషాచలం కొండల వెనక పొద్దు వాలేటప్పుడు ఆకాశం నారింజ నుంచి నీలానికి చాలా మెల్లగా మారుతుంది. ఆ మార్పంతా 8-బిట్‌లో 20 మెట్లలో పట్టిందనుకుందాం. రంగులు దిద్దే గ్రేడింగ్‌లో కాంట్రాస్ట్ మూడు రెట్లు లాగితే ఆ 20 మెట్లే 60 మెట్ల జాగాలో పరుచుకుంటాయి. మధ్యలో ఖాళీలు. ఆకాశంలో పట్టీలు కనిపిస్తాయి. 10-బిట్‌లో అదే ఆకాశం 80 మెట్లలో ఉంటుంది, అంత లాగినా అతుకు తెలియదు. రంగుల్ని పెద్దగా ముట్టుకోని ట్రెడిషనల్ వీడియోకు 8-బిట్ సరిపోతుంది. లాగేకొద్దీ 10-బిట్ విలువ పెరుగుతుంది.

అంకె ఒకటే, చదవడంలో తేడా

రంగుల గురించి ఇప్పటిదాకా చెప్పినవి పోగొట్టుకునే సంగతులు. ఇవి తప్పుగా చదివే సంగతులు, కాబట్టి బాగు చేసుకోవచ్చు. 8-బిట్ వీడియోలో టీవీ సంప్రదాయం ప్రకారం నలుపు 16 దగ్గర, తెలుపు 235 దగ్గర ఉంటాయి. కొన్ని ఫోన్లు, కెమెరాలు, కంప్యూటర్ స్క్రీన్ రికార్డింగులు 0 నుంచి 255 దాకా వాడతాయి. రెండో రకం ఫైలును మొదటి రకంగా చదివితే 16కు కిందివన్నీ ఒకే నలుపు, 235కు పైవన్నీ ఒకే తెలుపు. గంగజాతరలో బొగ్గు పూసుకున్న తోటి వేషంలో ముఖకవళికలు మునిగిపోతాయి, తెల్ల సుద్ద పూసుకున్న బైరాగి వేషం సున్నం గోడలా అయిపోతుంది. తిరగేసి చదివితే నలుపు బూడిదగా, తెలుపు మాసినట్టుగా మొత్తం వెలిసిపోతుంది.

ఇంకో తేడా రంగుల పరిధిది. హెచ్‌డీ వీడియోకు రెక్.709 ప్రమాణం. అంతకన్నా విశాలమైన రెక్.2020 అనే పరిధి 2012లో వచ్చింది. ఇప్పటి ఖరీదైన ఫోన్లు చాలావరకు హెచ్‌డీఆర్‌లో, అంటే వెలుగునీడల పరిధిని ఎక్కువగా పట్టే పద్ధతిలో, తీయగలవు. ఐఫోన్ 2020లో వచ్చిన 12 నుంచి డాల్బీ విజన్ అనే హెచ్‌డీఆర్ రకంలో రికార్డు చేస్తోంది. దాని లోపల ఉండేది బీబీసీ, జపాన్ ఎన్‌హెచ్‌కే కలిసి రూపొందించిన హెచ్ఎల్‌జీ పద్ధతి. ఈ ఫైలును సాదా 709 టైమ్‌లైన్‌లో మార్పిడి లేకుండా పెడితే, విశాలమైన పరిధికి రాసిన అంకెల్ని ఇరుకు పరిధిలో చదివినట్టవుతుంది. కుంకుమ చీర ఇటుక రంగుకు దిగుతుంది, మనిషి చాయ పాలిపోతుంది. మొదట్లో చెప్పిన బావమరిది ఫోన్ క్లిప్ ఇదే. ఫోన్ పాడవలేదు, కెమెరా చౌకదీ కాదు. ఆ ఫైలు ఏ భాషలో రాసి ఉందో సాఫ్ట్‌వేర్‌కు చెప్పి మారిస్తే రంగు చాలావరకు తిరిగొస్తుంది.

లాగ్ ఫుటేజ్‌దీ ఇదే వరస. సోనీ ఎస్-లాగ్3, పానాసోనిక్ వి-లాగ్ లాంటివి చీకటినీ వెలుగునూ ఎక్కువగా పట్టుకోవడానికి అంకెల్ని మధ్యలోకి నొక్కి దాస్తాయి. నేరుగా చూస్తే బూడిద రంగులో చప్పగా ఉంటుంది. దాన్ని మామూలు రంగుల్లోకి తెచ్చే పట్టికే లట్. ఒక కంపెనీ లాగ్‌కు రాసిన లట్‌ను ఇంకో కంపెనీ లాగ్ మీద వేస్తే రంగులు తేడాగా వస్తాయి, దాన్ని స్టైల్ అనుకుని వదిలేసేవాళ్లూ ఉన్నారు. 8-బిట్‌లో లాగ్ తీయడం మీద మాత్రం నాకు గట్టి అభ్యంతరం ఉంది. ఉన్న 256 మెట్లనే నొక్కి, మళ్లీ లాగుతాం. ఆకాశంలో పట్టీలు అక్కడే పుడతాయి.

ముందే అన్నీ మార్చుకోవాలా?

ఎంపీ4, ఎంవోవీ అనేవి డబ్బాల పేర్లు. లోపల సరుకు ఏమిటన్నది కోడెక్ చెబుతుంది. హెచ్.264, హెచ్.265 కోడెక్‌లు చోటు ఆదా చేయడానికి చాలా బొమ్మల్ని పూర్తిగా దాచవు, ముందూ వెనకా బొమ్మలతో ఉన్న తేడానే దాస్తాయి. మీరు మధ్యలో ఒక బొమ్మ దగ్గర ఆగితే కంప్యూటర్ చుట్టుపక్కల బొమ్మలన్నీ లెక్కగట్టి దాన్ని తయారుచేయాలి. టైమ్‌లైన్ ఆగి ఆగి నడిచేది అందుకే. ప్రోరెస్, డీఎన్ఎక్స్‌హెచ్‌డీ లాంటివి ప్రతి బొమ్మనూ విడిగా దాస్తాయి కాబట్టి ఎడిటింగ్ తేలిక, బరువు ఎక్కువ. 1080లో 25 ఫ్రేముల ప్రోరెస్ 422కు 122 ఎంబీపీఎస్. గంటకు దాదాపు 55 జీబీ, మూడు గంటల పెళ్లికి 165 జీబీ.

అన్నీ ముందే మార్చేవాళ్లు నిశ్చింతగా పని చేసుకోవచ్చంటారు. ఒరిజినల్స్ ముట్టుకోకుండా, ఎడిటింగ్ వరకు వాటి తేలికపాటి నకళ్లైన ప్రాక్సీ ఫైళ్లు వాడేవాళ్లు డిస్క్ ఖర్చు మిగులుతుందంటారు. సీజన్‌లో పది పెళ్లిళ్లు ఒకేసారి నడిపే చిన్న యూనిట్‌కు రెండోదే గిట్టుబాటు. ఫ్రేమ్ రేటు మారే ఫోన్ క్లిప్‌లకు మాత్రం ప్రాక్సీ కన్నా అసలు మార్పిడే నయం. ఒరిజినల్‌కూ ప్రాక్సీకీ బొమ్మల సంఖ్య తేడా వస్తే కట్‌లు జారిపోతాయి. ఇక వాట్సాప్ క్లిప్‌కు ఏ మార్పిడీ అందం తేలేదు. పంపేటప్పుడే అది మళ్లీ నొక్కేసింది. అదే వీడియోను డాక్యుమెంట్‌గా పంపితే ఒరిజినల్ ఉన్నదున్నట్టు వస్తుంది.

పాత క్యాసెట్టు ముందుంటే

ఈ మధ్య పెళ్లి ఫిల్ముల్లో అమ్మానాన్నల పెళ్లి క్యాసెట్టు నుంచి రెండు ముక్కలు కలపమని అడుగుతున్నారు. నాకు చాలా ఇష్టమైన పని ఇది. మన దేశంలో తీసిన పాత వీహెచ్ఎస్ టేపును కంప్యూటర్‌లోకి ఎక్కిస్తే సాధారణంగా 720 బై 576 సైజులో, సెకనుకు 25 ఫ్రేములతో వస్తుంది. రంగు లెక్క రెక్.601, అంటే 709కు ముందటిది. దాన్ని 709గా చదివితే ఎరుపు, ఆకుపచ్చ కొద్దిగా పక్కకు జరుగుతాయి. వీహెచ్ఎస్‌లో రంగు వివరం 4:2:0 కన్నా చాలా తక్కువ. అమ్మ ఎర్రచీర రంగు అంచు దాటి పక్కకు కారినట్టు కనిపించేది అందుకే, దానికి చేయగలిగింది పెద్దగా లేదు.

కదలిక విషయంలో మాత్రం ఆ టేపు మనం అనుకున్నదానికన్నా సంపన్నం. దాంట్లో ఒక్కో ఫ్రేము నిజానికి రెండు సగం బొమ్మలు. బేసి గీతలు ఒక క్షణానివి, సరి గీతలు సెకనులో 50వ వంతు తర్వాతివి. రెండూ కలిపి చూస్తే చెయ్యి కదిలినచోట దువ్వెన పళ్లలా గీతలు లేస్తాయి. క్యాప్చర్ చేసేవాళ్లు ఆ గీతల్ని పోగొట్టడానికి ఒక సగాన్ని పారేసి ఇస్తుంటారు. పారేయకుండా, ఒక్కో సగాన్నీ ఒక్కో బొమ్మగా విడదీస్తే సెకనుకు 50 వేర్వేరు క్షణాలు దొరుకుతాయి. 25 టైమ్‌లైన్‌లో వాటిని సగం వేగంతో ఆడిస్తే, ఒక్క బొమ్మా కల్పించకుండానే, ముప్పై ఏళ్ల కిందట నాన్న దోసిట్లోంచి జారిన తలంబ్రాలు అమ్మ తల మీద మెల్లగా పడతాయి.